చేయూతయే చదువుగా: ఆంధ్ర మహిళా సభ

చెన్నపట్టణపు తెలుగువారి విద్యాచరిత్రలో 1937వ సంవత్సరం చిరస్మరణీయమైనది. శ్రీమతి దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభను ఈ నగరమున స్థాపించినది ఆ యేడే.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే వివాహమైనది. పెరిగి పెద్దయిన పిదప ఆ బంధమునుండి ఆమె వైదొలగినారు. 1930లో మద్రాసు ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని కారాగారవాసము ననుభవించినారు. అచ్చట అక్షరము రాక, చట్టము తెలియక మ్రగ్గుచున్న స్త్రీల దుఃస్థితి ఆమెను కలచివేసినది. విడుదలైన పిమ్మట నిలిచిపోయిన చదువును తిరిగి చేపట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టము సాధించి, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టభద్రులైనారు.

తాను నడచిన ఆ కాశీ మెట్రిక్యులేషన్ బాటలోనే సభ తెలుగు యువతులను నడిపించినది. చదువు మధ్యలో ఆగిన స్త్రీకి పుస్తకముకంటె ముందు కావలసినది ధైర్యము. ఆ కష్టమును తాను దాటివచ్చినవారు ప్రక్కన నిలిచిననే అది కలుగును. ఈ అనుభవమే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ప్రథమాధ్యక్షురాలైన ఆమెకు మార్గదర్శకమైనది. వయోజన స్త్రీలకు స్వల్పకాలములో పరీక్షార్హత కలిగించు సంక్షిప్త విద్యాపథకమును ఆ మండలి 1958లో దేశమంతట ప్రారంభించినది.

కష్టము తనంతట తానే మనిషిని పెంచదు. కష్టములో అందిన చేయి పెంచును. డెబ్బదియైదేండ్ల మన పాఠశాల పూర్వవిద్యార్థులలో అట్టి చేయి నందుకొననివారు అరుదు. ఆ ఋణమును నేటి విద్యార్థికి చెల్లించుటయే ఈ ఉత్సవమునకు సార్థకత.