పాపసంకీర్తనం: చరిత్ర

పాపసంకీర్తనం క్రైస్తవ దివ్యసంస్కారాల్లో ఒకటి. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన తరవాత చేసిన పాపాలకు పశ్చాత్తాపపడి, వాటిని గురువు ఎదుట చెప్పుకొని, ఆయన నోట దేవుని మన్నింపు అందుకొని, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం నెరవేర్చడం దీని క్రమం. కతోలిక శ్రీసభ, ఆర్థొడాక్స్ సంఘాలు దీన్ని ఏడు సంస్కారాల్లో ఒకటిగా పాటిస్తాయి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువ భాగం బాప్తిస్మాన్నీ, ప్రభు సంస్కారపు విందునూ మాత్రమే సంస్కారాలుగా అంగీకరిస్తాయి. పాపపు ఒప్పుకోలును మాత్రం అవి కూడా ప్రార్థనలోనూ ఆరాధనలోనూ నిలుపుకున్నాయి.

ఇంతగా రూపం మార్చుకున్న క్రైస్తవాచారాలు అరుదు. తొలి శతాబ్దాల్లో ఇది జీవితంలో ఒక్కసారి, సంఘమంతా చూస్తుండగా, ఏళ్ల తరబడి సాగే తపస్సు. మధ్యయుగం నాటికి ఎన్నిసార్లయినా చేసుకోదగిన రహస్య సంభాషణ అయింది. మొదట తపస్సు ముగిశాకే మన్నింపు దొరికేది. తరవాత మన్నింపు ముందుకు వచ్చి, తపస్సు వెనక్కి వెళ్లింది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, పరిహారం అనే మూడు అంశాల్లో ఏ కాలం దేని మీద ఎక్కువ బరువు వేసిందో గమనిస్తే ఈ చరిత్ర అర్థమవుతుంది.

లేఖన మూలాలు

యోర్దాను నదిలో యోహాను దగ్గర బాప్తిస్మం పొందినవారు తమ పాపాలు ఒప్పుకున్నారని సువార్తలు చెబుతాయి. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యుల మీద ఊది, పాపాలు క్షమించే అధికారం, క్షమించకుండా నిలిపి ఉంచే అధికారం వారికిచ్చిన ఘట్టం యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. పేతురుకు పరలోక రాజ్యపు తాళపుచెవులు ఇవ్వడం మత్తయి 16లో వస్తుంది. కతోలిక, ఆర్థొడాక్స్ సంప్రదాయాలు ఈ సంస్కారానికి పునాదిగా వీటినే చూపుతాయి. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆ మాట గురువుకు చెప్పుకోవడం గురించా, తోటి విశ్వాసికి చెప్పుకోవడం గురించా అన్నది తరవాతి శతాబ్దాల్లో పెద్ద చర్చ అయింది. అతి ప్రాచీన సంఘ నియమావళుల్లో ఒకటైన ‘దిదఖే’, ఆదివారం రొట్టె విరిచే ముందు పాపాలు ఒప్పుకోవాలని చెప్పింది.

ఒక్కసారి దొరికే అవకాశం

జ్ఞానస్నానంతో పాత జీవితం కడిగేసుకున్నవాడు మళ్లీ ఘోరపాపంలో పడితే ఏం చేయాలి? తొలి సంఘాలను కలవరపెట్టిన ప్రశ్న ఇది. 2వ శతాబ్దంలో రోమ్‌లో పుట్టిన ‘హెర్మాసు కాపరి’ అనే గ్రంథం, అలాంటివారికి మరొక్క అవకాశం ఉందని, అది ఒక్కటేనని చెప్పింది. కార్తేజ్‌కు చెందిన టెర్టుల్లియన్ 3వ శతాబ్దం ఆరంభంలో ఈ అవకాశాన్ని ఓడ బద్దలైనవాడికి దొరికే రెండో పలకతో పోల్చాడు. గోనెపట్ట కట్టుకొని, బూడిదలో పడుకొని, ఉపవాసముంటూ, సంఘపెద్దల ముందు సాగిలపడే ఆ తపస్సును ఆయన వర్ణించాడు. తరవాత ఆయనే కఠినవాదుల పక్షం చేరి, వ్యభిచారం వంటి పాపాలను క్షమించే అధికారం సంఘాధికారులకు లేదని వాదించాడు.

250లో రోమన్ చక్రవర్తి డేసియస్ ప్రజలందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించాడు. భయపడి అర్పించినవారూ, అర్పించకుండానే అర్పించినట్టు ధ్రువపత్రాలు సంపాదించినవారూ వేలల్లో ఉన్నారు. హింస సద్దుమణిగాక వారంతా తిరిగి సంఘం తలుపు తట్టారు. చెరసాలలో బాధలుపడ్డ విశ్వాసులు కొందరు, వీరిని క్షమించమని సిఫారసు పత్రాలు రాసిచ్చారు. కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్ ఈ సులువైన దారిని ఒప్పుకోలేదు. అలాగని వారిని శాశ్వతంగా వెలివేయాలన్న రోమ్ నాయకుడు నొవేషియన్ వాదాన్నీ ఒప్పుకోలేదు. 251లో కార్తేజ్‌లో కూడిన పీఠాధిపతుల సభ, పతనం తీవ్రతను బట్టి తపస్సు విధించి తిరిగి చేర్చుకోవాలని నిర్ణయించింది. క్షమ ఉంటుంది, దానికో క్రమమూ ఉంటుంది అన్న సూత్రం అలా స్థిరపడింది.

325 నాటి నైసియా మహాసభ 11వ నిబంధన ఆ క్రమం ఎంత కఠినమైనదో చూపిస్తుంది. చక్రవర్తి లిసీనియస్ ఏలుబడిలో బలవంతం లేకుండానే విశ్వాసం వదిలినవారు మూడేళ్లు బోధ వినేవారి వరుసలోనూ, ఏడేళ్లు సాగిలపడేవారి వరుసలోనూ ఉండాలి. మరో రెండేళ్లు ప్రార్థనల్లో పాల్గొనవచ్చు గాని సత్ప్రసాదం (ప్రభు సంస్కారపు విందు) అందదు. మొత్తం పన్నెండేళ్లు. అయితే అదే మహాసభ 13వ నిబంధనలో, మరణశయ్య మీద ఉన్నవారికి అంత్యకాలపు సత్ప్రసాదం నిరాకరించకూడదని కూడా చెప్పింది. చిన్న ఆసియాలో తపస్కులు గుడి వాకిట ఏడుస్తూ నిలబడే దశతో మొదలుపెట్టి, వినేవారు, సాగిలపడేవారు, తోటివారితో నిలబడేవారు అనే దశలు దాటేవారని పీఠాధిపతి బాసిల్ లేఖల వల్ల తెలుస్తోంది.

ఈ క్రమం ముందు చక్రవర్తి కూడా తల వంచాడు. 390లో థెస్సలొనీక పట్టణ ప్రజలను ఊచకోత కోయించిన థియొడోసియస్‌ను, పశ్చాత్తాపం చూపేవరకూ సత్ప్రసాదానికి రానివ్వనని మిలాన్ పీఠాధిపతి అంబ్రోస్ లేఖ రాశాడు. చక్రవర్తి రాజచిహ్నాలు విడిచి, ప్రజల మధ్య తపస్సు చేసి తిరిగి చేరాడు.

ఆ కాఠిన్యమే ఈ పద్ధతిని నీరుగార్చింది. తపస్సు పూర్తిచేసినవారి మీద కూడా ఆంక్షలు జీవితాంతం మిగిలేవి. రెండోసారి పడితే దారి లేదు. దాంతో చాలామంది దీన్ని చావు దగ్గరపడే దాకా వాయిదా వేయసాగారు. తపస్కుల పాపాల చిట్టాను బహిరంగంగా చదివించే అలవాటును 459లో పోపు మొదటి లియో ఖండించాడు. పాపాలను గురువుకు రహస్యంగా చెప్పుకుంటే చాలునన్నాడు.

ఐర్లండు మఠాల నుంచి కొత్త దారి

మార్పు పశ్చిమపు అంచు నుంచి వచ్చింది. ఐర్లండు మఠాల్లో సన్యాసులు తమ ఆత్మీయ మార్గదర్శికి మనసులోని తప్పులన్నీ చెప్పుకునేవారు. ఆ అలవాటు గృహస్థులకూ పాకింది. ఏ పాపానికి ఎంత ప్రాయశ్చిత్తమో చెప్పే చేతి పుస్తకాలు 6వ శతాబ్దం నుంచి అక్కడ తయారయ్యాయి. ఫిన్నియన్ పేర ఉన్న పుస్తకం వీటిలో పాతది. పొరుగువాణ్ణి కొట్టాలనో చంపాలనో మనసులో పన్నాగం పన్నినవాడు గురువర్గానికి చెందినవాడైతే ఆరు నెలలు కొలిచి పెట్టిన రొట్టె, నీళ్లతో గడపాలి. ఏడాదిపాటు మాంసం, ద్రాక్షారసం ముట్టకూడదు. అదే పాపం గృహస్థు చేస్తే ఒక వారం చాలు. లోకంలో బతికేవాడి దోషం తక్కువని ఆ పుస్తకం భావన. మఠాధిపతి కొలంబానస్ 590 ప్రాంతంలో గాల్ దేశానికి వెళ్లి ఈ పద్ధతిని ఐరోపా ఖండంలో నాటాడు.

దీన్ని ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. ఎదుట ఉండేది ఒక్క గురువే, సంఘం కాదు. పాత పద్ధతికి అలవాటుపడ్డవారికి ఇది తేలికతనంగా కనిపించింది. 589లో స్పెయిన్‌లోని టొలేడో సభ, పాపం చేసిన ప్రతిసారీ మన్నింపు అడిగే ఈ అలవాటును తీవ్రంగా ఖండించింది. పుస్తకానికీ పుస్తకానికీ శిక్షల పొంతన కుదరడం లేదని 829లో పారిస్ సభ వాటిని తగలబెట్టమంది. దీర్ఘ ఉపవాసానికి బదులు కీర్తనల పఠనమో, దానధర్మమో చేయవచ్చన్న మినహాయింపులు కూడా ఈ పుస్తకాలతోనే పెరిగాయి. అయినా జనం కొత్త దారినే ఎంచుకున్నారు. 1000వ సంవత్సరం నాటికి, ఒప్పుకున్న వెంటనే మన్నింపు ప్రార్థన చెప్పి, ప్రాయశ్చిత్తం తరవాత చేసుకొమ్మనడం పశ్చిమ ఐరోపాలో మామూలైపోయింది.

1215: ఏడాదికోసారి

12వ శతాబ్దంలో వేదాంతి పీటర్ లోంబార్డ్ సంస్కారాలు ఏడని లెక్క తేల్చి, వాటిలో దీన్నీ చేర్చాడు. 1439 నాటి ఫ్లోరెన్స్ మహాసభ ఆ లెక్కను ఖాయం చేసింది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, పరిహారం అనే పాపి చర్యలను, గురువు పలికే మన్నింపు మాటను ఒకే సంస్కారపు భాగాలుగా థామస్ అక్వినాస్ వివరించాడు.

సామాన్యుడి జీవితాన్ని తాకింది మాత్రం 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ. దాని 21వ నిబంధన ప్రకారం మంచిచెడులు తెలిసే వయసు వచ్చిన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు కనీసం ఏడాదికోసారి సొంత విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి, పాస్కా పండుగకు సత్ప్రసాదం తీసుకోవాలి. గురువు నేర్పుగల వైద్యుడిలా గాయం గురించి ఆరా తీసి తగిన మందు వేయాలి. విన్నది మాటతో గాని సైగతో గాని బయటపెడితే అతణ్ణి గురుత్వం నుంచి తొలగించి, జీవితాంతం తపస్సు చేయడానికి కఠిన నియమాల మఠానికి పంపాలి. ఆ బాధ్యతకు గురువులను సిద్ధం చేయడానికి డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్లు ఎన్నో మార్గదర్శక గ్రంథాలు రాశారు.

పాపపరిహార పత్రాలు, సంస్కరణ

మన్నింపు దొరికినా పాపానికి తగిన తాత్కాలిక శిక్ష మిగిలి ఉంటుందని, క్రీస్తు, పునీతుల పుణ్యఫలం ఆధారంగా సంఘం దాన్ని తగ్గించగలదని మధ్యయుగ వేదాంతులు బోధించారు. 1095లో మొదటి క్రూసేడుకు వెళ్లేవారికి, 1300 జూబిలీలో రోమ్ యాత్రికులకు ఈ పరిహారం ప్రకటించారు. 1476లో పోపు నాలుగో సిక్స్టస్ దీన్ని మరణానంతరం శుద్ధి పొందే ఉత్తరించే స్థలంలోని ఆత్మలకూ వర్తింపజేశాడు. రోమ్‌లో పునీత పేతురు దేవాలయ నిర్మాణానికి నిధుల కోసం జర్మనీలో యోహాన్ టెట్‌జెల్ ఈ పరిహారపు పత్రాలను అమ్మిన తీరు మార్టిన్ లూథర్‌ను కదిలించింది. 1517 అక్టోబరు 31న ఆయన వెలువరించిన 95 వాదాల్లో మొదటిదే పశ్చాత్తాపం గురించి. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది దాని సారం.

లూథర్ ఒప్పుకోలును తోసిపుచ్చలేదు. పాపాల జాబితా మొత్తం చెప్పితీరాలన్న నిర్బంధాన్ని, పరిహార క్రియతో మన్నింపు సంపాదించవచ్చన్న భావనను వ్యతిరేకించాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన వ్యక్తిగత మన్నింపు మాటను సంఘాల్లో నిలుపుకోవాలనే చెప్పింది. కాల్విన్ కాలపు జెనీవాలో నడవడికను సరిదిద్దే పని సంఘపెద్దల మండలికి చేరింది. ఇంగ్లండు సంఘం 1552 ప్రార్థన గ్రంథంలో ఉదయ సాయంకాల ఆరాధనలను అందరూ కలిసి పలికే ఒప్పుకోలుతో మొదలుపెట్టింది.

కతోలిక శ్రీసభ సమాధానం 1551 నవంబరు 25న ట్రెంటు మహాసభ 14వ సమావేశంలో వచ్చింది. క్రీస్తే ఈ సంస్కారాన్ని స్థాపించాడని, చావైన పాపాలను, అంటే ఘోరపాపాలన్నిటినీ, వాటి రకం, సంఖ్యతో సహా చెప్పుకోవాలని సభ ప్రకటించింది. 1567లో పోపు ఐదో పయస్ డబ్బుతో ముడిపడ్డ పరిహారాలను రద్దు చేశాడు. పాపసంకీర్తన గూడు కూడా ఈ కాలపుదే. మిలాన్ అగ్రపీఠాధిపతి చార్లెస్ బొరోమియో 1577లో ప్రచురించిన నిర్మాణ సూచనల్లో దాని కొలతలు ఇచ్చాడు. గురువుకూ పాపికీ మధ్య చెక్క అడ్డు, అందులో సన్నని చిల్లుల రేకు బిగించిన కిటికీ, దాని మీద పలుచని గుడ్డ. స్త్రీల గౌరవాన్ని కాపాడటం, అపవాదులకు తావివ్వకపోవడం ఆయన ఉద్దేశం.

ప్రాచ్య సంఘాల తీరు

ఆర్థొడాక్స్ సంప్రదాయంలో గూడు లేదు. విశ్వాసి క్రీస్తు పటం, సువార్త గ్రంథం ముందు నిలబడతాడు. గురువు పక్కన సాక్షిగా నిలుస్తాడు. ఒప్పుకోలు ముగిశాక గురువు తన మెడలోని పొడవాటి వస్త్రం కొసను అతని తలమీద కప్పి, దేవుడు నిన్ను మన్నించుగాక అన్న అర్థంలో ప్రార్థిస్తాడు. పాపాన్ని నేరంగా కంటే రోగంగా చూసి, గురువును న్యాయాధిపతిగా కంటే వైద్యుడిగా భావించడం అక్కడ బలంగా నిలిచింది. మహా ఉపవాస దినాల ముందు ఆదివారం సాయంత్రం గురువులు, విశ్వాసులు ఒకరి ముందు ఒకరు వంగి క్షమాపణ అడుగుతారు.

ఆధునిక కాలం

ఫ్రాన్స్‌లోని ఆర్స్ అనే పల్లెటూరి గురువు జాన్ వియానీ (1786–1859) దగ్గరికి దూరదేశాల నుంచి జనం వచ్చేవారు. ఆయన రోజుకు పది గంటలకు పైగా గూట్లోనే కూర్చునేవాడు. 1910లో పోపు పదో పయస్ పిల్లలు సుమారు ఏడేళ్ల వయసులోనే పాపసంకీర్తనం చేసి తొలి సత్ప్రసాదం తీసుకోవచ్చన్నాడు. రెండో వాటికన్ మహాసభ కోరిన సంస్కరణ మేరకు 1973లో కొత్త క్రమం వెలువడింది. ఒక్కొక్కరుగా, ఉమ్మడి ప్రార్థన తరవాత ఒక్కొక్కరుగా, అత్యవసరంలో అందరికీ కలిపి అనే మూడు విధానాలు అందులో ఉన్నాయి. కరోనా విజృంభించిన 2020 మార్చిలో, ఈ మూడో విధానాన్ని ఎక్కడ వాడవచ్చో వాటికన్ సూచనలిచ్చింది.

నేటి పెద్ద వివాదం రహస్యానికి సంబంధించినది. విన్నది వెల్లడిస్తే గురువు శ్రీసభ నుంచి వెలికి గురవుతాడన్న నియమం నేటికీ ఉంది. వివిధ సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక అఘాయిత్యాలను విచారించిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్, పిల్లలపై అఘాయిత్యాల సమాచారానికి ఈ రహస్యం అడ్డు కారాదని 2017లో సిఫారసు చేసింది. అక్కడి పలు రాష్ట్రాలు అలా చట్టాలు చేశాయి. బాధితులకు న్యాయం జరగాలన్న నిజమైన ఆవేదన ఒకవైపు, రహస్యం చెదిరితే ఎవరూ నోరు విప్పరన్న శ్రీసభ వాదన మరోవైపు ఉన్నాయి.

దక్షిణ భారతంలో, తెలుగునాట

1599లో కేరళలోని ఉదయంపేరూర్‌లో గోవా అగ్రపీఠాధిపతి మెనెజెస్ జరిపిన సభ, తోమా క్రైస్తవులకు లాటరన్ పద్ధతిలో వార్షిక పాపసంకీర్తనాన్ని నిర్ణయించింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ ద్వారా ఈ సంస్కారం రాయలసీమ పల్లెలకు చేరింది. నేటి తెలుగు కతోలికులు విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సుకాలంలో దీనికి ప్రత్యేకంగా సిద్ధపడతారు. ఆత్మశోధన చేసుకొని, గురువు దగ్గర మోకరించి సిలువ గుర్తు వేసుకొని, కిందటిసారి ఎప్పుడు చేశారో చెప్పి మొదలుపెడతారు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన ప్రభు సంస్కారపు ఆరాధనలో సామూహిక ఒప్పుకోలును, మన్నింపు మాటను చేర్చుకుంది. లూథరన్ సంఘాల ఆరాధన కూడా అలాగే మొదలవుతుంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో గురువు మధ్యవర్తిత్వం లేదు. అక్కడ మారుమనస్సు పొందినవారు సభ మధ్య నిలబడి తమ పాత బతుకును సాక్ష్యంగా చెప్పుకుంటారు. సంఘం ఎదుట తప్పు ఒప్పుకొని సంఘంలో కలవడం అన్న ప్రాచీన ఆచారానికి, ఏళ్ల తపస్సు లేకుండా, ఈ సాక్ష్యాల్లో మళ్లీ చోటు దొరికింది.