రికార్డు గుర్తింపు సంఖ్య

డేటాబేసులోని ఒక్కొక్క నమోదును మిగిలినవాటి నుంచి వేరుచేసి చూపే సంఖ్యను గుర్తింపు సంఖ్య అంటారు. ఊరు, సంవత్సరం, శాఖ వంటి వివరాలను ఆ సంఖ్యలోనే ఇమిడ్చే అలవాటు కాగితపు రిజిస్టర్ల కాలం నుంచి వస్తున్నదే గాని, వివరం మారిన నాడు సంఖ్య తప్పు చెప్పడమో, సంఖ్యనే తిరగరాయవలసి రావడమో తప్పదు.

పల్నాడులోని దాచేపల్లి ఇందుకు తగిన ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ పట్టణం గుంటూరు జిల్లా నుంచి కొత్త జిల్లాలోకి వచ్చింది. అయినా 522414 అనే పిన్ కోడ్ మారలేదు, ఎందుకంటే అది తపాలా బట్వాడా కోసం ఏర్పడినదే తప్ప రెవెన్యూ హద్దులకు కట్టుబడినది కాదు. వాహనాలకు గుంటూరు జిల్లా సంకేతంగా ఉన్న ఏపీ 07 స్థానంలో 2019లోనే రాష్ట్రమంతటికీ ఏపీ 39 రావడంతో, కొత్త జిల్లాకు వేరే సంకేతం వెతకవలసిన పని లేకపోయింది.

భూమి సర్వే నంబరు కథ ఇంతకంటే చిక్కైనది. 45వ నంబరు పొలం అన్నదమ్ముల మధ్య చీలితే 45/1, 45/2 అనీ, మళ్లీ చీలితే 45/2ఎ అనీ సబ్‌డివిజన్లు పుడతాయి. ఏ ముక్క దేని నుంచి వచ్చిందో చూడగానే తెలియడం ఈ పద్ధతిలోని సొగసు. అయితే 45వ నంబరు ప్రతి గ్రామంలోనూ ఉండవచ్చు గనుక గ్రామం పేరు తోడైతే తప్ప అది గుర్తింపు కాజాలదు. పైగా అక్షరాల వరుసలో పేర్చే కంప్యూటర్ 45/10ని 45/2 కంటే ముందు నిలుపుతుంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు కొత్తగా వచ్చినా, పాత దస్తావేజులన్నీ సర్వే నంబర్ల మీదే ఉన్నందున రెండింటినీ కలిపే పట్టిక అవసరమవుతుంది.

కాబట్టి లోపలి గుర్తింపుకు అర్థం లేని సంఖ్యను వాడి, జిల్లా, సర్వే నంబరు వంటివాటిని విడి గడులలో ఉంచడమే మేలు. వరుస సంఖ్య సులువైనదే గాని, ఒకటి తెలిస్తే పక్కది ఊహించవచ్చు; 32 బిట్ల గడి 2,147,483,647 దగ్గర నిండిపోతుంది. ఆధార్ సంఖ్య యాదృచ్ఛికమైనది; పైగా దాని 12 అంకెల్లో చివరిది వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టే తనిఖీ అంకె కనుక, ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుబడుతుంది. ఏ పద్ధతిని ఎంచుకున్నా, రద్దయిన నమోదు సంఖ్యను మరొక నమోదుకు కేటాయించకూడదు.