కొడైకెనాల్: కలెక్టరు కట్టించిన సరస్సు

కొడైకెనాల్‌లో ఊరు ముందు పుట్టింది, సరస్సు తరవాత వచ్చింది. వేసవి సెలవులకి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బయల్దేరి వెళ్లి, నక్షత్రం ఆకారంలో పరుచుకున్న ఆ నీళ్ల చుట్టూ సైకిళ్లు తొక్కే కుటుంబాల్లో చాలామందికి అది ఆదినుంచీ అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. 1863లో మధుర జిల్లా కలెక్టరు వీర్ హెన్రీ లెవింజ్ వాగులకు అడ్డంగా కట్ట వేయించేదాకా అక్కడ ఉన్నది చిత్తడి నేల. అప్పటికే ఆ కొండ మీద అమెరికన్ మిషనరీలు ఇళ్లు కట్టుకుని పద్దెనిమిదేళ్లయింది.

వాళ్లు సరదా కోసం కొండెక్కలేదు. చావు భయంతో ఎక్కారు.

అమెరికన్ మధుర మిషన్ 1834లో మొదలైంది. కలరా, జ్వరాలు, విరేచనాలు ఆ కుటుంబాలను వెంటాడాయి. పిల్లలు ముందు పోయేవారు, తరవాత తల్లులు. ఎండలు ముదిరే నెలల్లో ఎక్కడైనా చల్లటి చోటికి చేరుకోకపోతే మిషన్ నిలవదని వాళ్లకి అర్థమైంది. మొదట దిండిగల్ దగ్గరి సిరుమలై కొండల్లో ఇళ్లు వేసుకున్నారు. ఆ కొండల ఎత్తు చాలలేదు, మలేరియా అక్కడికీ వచ్చింది. ఇంకా పైకి, పళని కొండల మీదికి చూపు తిప్పారు. 1821లోనే లెఫ్టినెంట్ వార్డ్ ఆ కొండలను సర్వే చేశాడు. 1834లో మధుర సబ్‌కలెక్టరు రౌటన్ షెంబగనూరు దగ్గర చిన్న బంగళా కట్టించాడు. ఆ దారినే వెళ్లిన మిషనరీలు 1845లో సుమారు ఏడువేల అడుగుల ఎత్తున రెండు ఇళ్లు కట్టుకున్నారు. ఒకదాని పేరు సన్నీసైడ్, రెండోది షెల్టన్. కొడైకెనాల్ పట్నానికి పునాది ఆ రెండిళ్లే.

కొండ మాత్రం అప్పటికి ఖాళీగా లేదు. అడవిలో పళియర్లు ఉండేవారు. విల్‌పట్టి, పూంబారై లాంటి ఊళ్లలో కున్నువర్ రైతులు మెట్లు మెట్లుగా చెక్కిన పొలాల్లో వ్యవసాయం చేసుకునేవారు. వాళ్లకంటే ఎంతో ముందు కాలపు మనుషులు నిలిపిన రాతి సమాధులు తాండికుడి పరిసరాల్లో నేటికీ కనిపిస్తాయి. కొడైకెనాల్‌ను ఎవరో దొర కనిపెట్టాడని రాసే గైడు పుస్తకాలు ఈ మనుషులను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అది అన్యాయం. దొరలకు దారి చూపించింది, బరువులు మోసింది స్థానికులే.

ఆ మోత గురించి తప్పక చెప్పుకోవాలి. 1870ల్లో రైలు దక్షిణానికి సాగి అమ్మయనాయకనూరు స్టేషను వచ్చింది. ఇప్పటి కొడైకెనాల్ రోడ్ స్టేషను అదే. అక్కడ దిగినవాళ్లు ఎడ్లబండ్ల మీద రాత్రంతా ప్రయాణించి పెరియకుళం వైపు కొండ పాదంలో ఉన్న కృష్ణమ్మ నాయక్ తోపు చేరేవారు. మధుర నాయకుల కాలంలో తెలుగు కుటుంబాలు ఈ సీమంతటా స్థిరపడ్డాయి, ఆ ఆనవాళ్లు ఇలాంటి పేర్లలో మిగిలాయి. తోపు నుంచి పైకి పన్నెండు మైళ్ల దాకా నిటారు కాలిబాట. గుర్రం ఎక్కగలిగినవాళ్లు గుర్రం మీద, ఆడవాళ్లూ పిల్లలూ రోగులూ కర్రలకు కట్టిన కుర్చీల్లో. ఆ కుర్చీలను మోతగాళ్లు వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ పైకి చేర్చేవారు. పెట్టెలూ పరుపులూ వంటసామానూ తలల మీద వెళ్లేవి. ఒక్కో కుటుంబం చల్లగాలి పీల్చుకోవడానికి ఎంతమంది చెమటోడ్చారో లెక్క రాసినవాళ్లు లేరు. మేజర్ లా 1870ల్లో మొదలుపెట్టిన ఘాట్ రోడ్డు డబ్బు అందక ఆగిపోయి, చివరికి 1914లో గానీ పూర్తి కాలేదు. మోటారు బండి వచ్చాకే మనిషి భుజానికి విశ్రాంతి దొరికింది.

లెవింజ్ సరస్సు ఈ కాలిబాట రోజుల నాటిదే. సుమారు 60 ఎకరాల నీళ్లు, చుట్టూ 5 కిలోమీటర్ల దారి. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించాడు. అంటే సముద్రపు ఒడ్డు నుంచి ఒక పడవ ఏడువేల అడుగుల ఎత్తుకు ఎక్కింది. ఉద్యోగం వదిలాక లెవింజ్ అక్కడే స్థిరపడి, 1885లో కన్నుమూశాడు. సరస్సు వచ్చాక ఊరికి ఒక్కొక్క హంగూ చేరింది. 1872లో లెఫ్టినెంట్ కోకర్ లోయ అంచున నడకదారి వేయించాడు, 1890లో బోట్ క్లబ్ ఏర్పడింది, 1908లో అటవీ అధికారి బ్రయంట్ సరస్సు పక్కన తోట వేయించాడు. నేటి యాత్రికుడు ఒక్క పూటలో చుట్టేసే చోట్లన్నీ అప్పటివే.

ఆ తరం కలెక్టర్లకు కొండ మీద ఇల్లు ఒక తపన. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ విడిది కట్టుకున్నదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఆ కొండ ఆయన పేరుతోనే హార్స్‌లీ హిల్స్ అయింది. అయితే హార్స్‌లీ కొండ విడిదిగానే మిగిలింది, కొడైకెనాల్ పట్నమైంది. తేడాకు పెద్ద కారణం బడి. అంతకుముందు మిషనరీలు చదువుల కోసం పిల్లలను అమెరికాకు పంపి ఏళ్ల తరబడి చూడకుండా ఉండేవారు. 1901లో హైక్లర్క్ పేరుతో అక్కడే పాఠశాల తెరిచారు. అదే ఇప్పటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. బడి ఉంటే ఏడాది పొడుగునా మనుషులుంటారు, మనుషులుంటే బజారు ఉంటుంది. మే నెలలో దక్షిణాది మిషన్ల కుటుంబాలన్నీ అక్కడ కలుసుకునేవి. వేలూరు ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్‌కు కూడా అక్కడ ఇల్లుండేది. చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాల రోగులకు దశాబ్దాలుగా పెద్దదిక్కుగా ఉన్న ఆసుపత్రి అది. ఆమె 1960 మేలో కొడైకెనాల్‌లోనే తుదిశ్వాస విడిచారు.

కానీ ఈ సరస్సు ఊరికీ తెలుగు నేలకీ ఉన్న అసలు బంధం నీళ్లలో కాదు, ఎండలో ఉంది. తెలుగు పల్లెలు ధాత కరువుగా గుర్తుంచుకున్న 1876–78 నాటి మహాకరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. వానలు ఎందుకు తప్పాయన్న ప్రశ్న ప్రభుత్వం ముందు నిలిచింది. సూర్యుడి మీది మచ్చలకూ ఋతుపవనాలకూ సంబంధం ఉండవచ్చని అప్పటి శాస్త్రవేత్తల్లో కొందరు నమ్మారు. సూర్యుణ్ని రోజూ పరిశీలిస్తే కరువును ముందే పసిగట్టవచ్చన్న ఆశతో దక్షిణ భారతంలో సౌర వేధశాల ఆలోచన బలపడింది. ఖగోళ శాస్త్రవేత్త మిచీ స్మిత్ కొండలు గాలించి, దుమ్ములేని తేటగాలి కోసం కొడైకెనాల్‌ను ఎంచుకున్నాడు. 1895లో మద్రాసు గవర్నరు వెన్లాక్ పునాదిరాయి వేశాడు. 1899లో వేధశాల మద్రాసు నుంచి కొండ మీదికి మారింది.

వానల జోస్యం చేతికి రాలేదు. దాని బదులు సూర్యుడే అర్థమవడం మొదలైంది. 1909 జనవరిలో జాన్ ఎవర్షెడ్ ఇక్కడి పరికరాలతో చూసి, సౌరమచ్చల్లో వాయువులు కేంద్రం నుంచి అంచులవైపు ప్రవహిస్తున్నాయని కనుగొన్నాడు. ప్రపంచ ఖగోళశాస్త్ర పుస్తకాల్లో అది ఎవర్షెడ్ ప్రభావంగా నిలిచింది. ఆయన భార్య మేరీ కూడా ఖగోళ పరిశోధకురాలే, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల మీద ఇక్కడే పనిచేసింది. 1904 నుంచి తీసిన సూర్యుడి ఫొటోలు శతాబ్దానికి పైబడిన నిధిగా ఈ వేధశాలలో ఉన్నాయి. 1960లో దీని పగ్గాలు అందుకున్న వేణు బప్పు హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో సహచరులతో కలిసి తోకచుక్కను కనుగొన్నాడు. తిరిగొచ్చాక నైనితాల్ వేధశాలను నడిపి, అక్కడినుంచి కొడైకెనాల్ వచ్చాడు. సరస్సులున్న రెండు కొండ పట్నాలు ఆయన జీవితంలో అలా కలిశాయి. బోటు షికారు చేసి వెనుదిరిగే తెలుగు యాత్రికుల్లో ఈ వేధశాల దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లకపోతే మాత్రం కొడైకెనాల్ సగమే చూసినట్టు.

ఊరు పెరిగినకొద్దీ గాయాలూ అయ్యాయి. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్, యూకలిప్టస్ చెట్లు శోలా అడవుల నడుమ పచ్చిక బయళ్లను పెద్దయెత్తున మింగాయి. వాన నీటిని పట్టి ఉంచి ఏడాది పొడుగునా వాగులకు అందించేవి ఆ బయళ్లే. 1980ల్లో అమెరికా నుంచి తరలించిన థర్మామీటర్ల కర్మాగారం పాదరసాన్ని నేలలోకి వదిలిందన్న ఆందోళనతో 2001లో మూతపడింది. 591 మంది మాజీ కార్మికులతో ఆ కర్మాగారం యజమాని హిందుస్తాన్ యూనిలీవర్ 2016లో ఒప్పందం చేసుకుంది. పదిహేనేళ్లు పోరాడితే గానీ అది దక్కలేదు.

ఇక వాహనాలు. నాలుగు భుజాల మీద ఒక మనిషి ఎక్కిన కొండను ఇప్పుడు మే నెల శనివారాల్లో వేల కార్లు ఎక్కుతున్నాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బండ్లకు ఈ-పాస్ తప్పనిసరైంది. 2025 వేసవిలో కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000 వాహనాలనే కోర్టు అనుమతించింది. కొందరు వ్యాపారులకు ఇది నచ్చలేదు. కానీ 60 ఎకరాల నీళ్లనూ, ఒక చిన్న పట్నాన్నీ కాపాడుకోవడానికి ఇంతకన్నా తక్కువ చేస్తే చాలదు.

కొండకి వెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలు మే నెల వారాంతాలను వదిలి, వీలుంటే జూన్ తరవాతో, జనవరి, ఫిబ్రవరిల్లోనో ప్రయాణం పెట్టుకోవాలి. రైలైతే కొడైకెనాల్ రోడ్ స్టేషనులో దిగి 80 కిలోమీటర్లు బస్సులో వెళ్లవచ్చు. సొంత బండైతే ఈ-పాస్ నిబంధనలు ముందే సరిచూసుకోవాలి. పన్నెండేళ్లకోసారి కొండలను నీలంగా కప్పే కురింజి పూలు చివరిసారి 2018లో పూశాయి. మళ్లీ పూసేది 2030లో.