తోబుట్టువు అనే మాటకు ఆడ, మగ తేడా లేదు: రేవతి ఏకపాత్ర నాటకం ‘వెళ్లై మొళి’

తెలుగులో ‘తోబుట్టువు’ అంటే అన్న కావచ్చు, చెల్లి కావచ్చు. ఒకే కడుపున పుడితే చాలు. ఆ మాటను మన ఇళ్లు ఎంతవరకు నిలబెట్టుకున్నాయో చూసుకోవాలంటే ‘వెళ్లై మొళి’ గురించి తెలుసుకోవాలి. తమిళనాడుకు చెందిన ట్రాన్స్ మహిళ, రచయిత్రి ఎ. రేవతి తన బతుకును తానే ఒంటరిగా వేదిక మీద చెప్పే ఏకపాత్ర నాటకం ఇది. దర్శకత్వం ఎ. మంగై. వెళ్లై మొళి అంటే తెల్లటి మాట, కల్లాకపటం లేని మాట.

రేవతిది నామక్కల్ దగ్గర ఒక పల్లె. మారియమ్మ జాతరలో కురత్తి వేషం కట్టినప్పుడు చూసి మెచ్చుకున్న ఊరే, ఆ నడక మామూలు రోజుల్లో కనిపిస్తే ఎగతాళి చేసింది. ఇల్లు వదిలి ఢిల్లీలో హిజ్రా గురువును చేరుకున్నారు. తిరిగొచ్చినప్పుడు సొంత అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టిన సంగతిని ఆత్మకథలో దాచుకోలేదు. పుట్టింట్లో పోయిన బంధుత్వాన్ని హిజ్రా ఇంట్లో వెతుక్కున్నారు. అక్కడ గురువే తల్లి. ఒకే గురువు చేలాలంతా తోబుట్టువులు.

1999లో బెంగళూరులోని ‘సంగమ’ సంస్థలో చేరి, లైంగిక మైనారిటీల హక్కుల కోసం పనిచేశారు. ఆమె ఆత్మకథ 2010లో వి. గీత అనువాదంతో ఇంగ్లిష్‌లో వచ్చింది. పి. సత్యవతి దాన్ని తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా ప్రచురించింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. అలా రేవతి గొంతు నాటకం కన్నా ముందు పుస్తకంగా తెలుగు ఇళ్లలోకి వచ్చింది.

పాడితే, ఆడితే నేరం

హైదరాబాద్‌లో ఇలాంటి నాటకానికి మరో అర్థం కూడా ఉంది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. వాళ్ల పేర్లతో రిజిస్టరు పెట్టారు. ఆ రిజిస్టరులో ఉన్నవాళ్లు ఆడవాళ్ల బట్టలతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. రాజ్యాలు మారినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం పుస్తకాల్లో మిగిలే ఉంది. వైజయంతి వసంత మొగ్లీ తదితరులు 2018లో కోర్టుకెక్కారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలని, ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా చెప్పింది.

దళిత ట్రాన్స్ వ్యక్తి ఏ వరుసలో నిలబడాలి?

2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూడాలంది. వినడానికి బాగానే ఉంది. కానీ వాళ్లందరినీ ఒక్క వెనుకబడిన తరగతి గంపలో వేస్తే, దళిత ట్రాన్స్ వ్యక్తి ఎస్సీ హక్కు ఏమవుతుంది? కులమా, జెండరా అని ఎంచుకోమంటే, రెండు దెబ్బలు తిన్న మనిషిని ఒక్క గాయానికే మందు అడగమన్నట్టే. అందుకే తూత్తుకుడికి చెందిన దళిత ట్రాన్స్ కార్యకర్త గ్రేస్ బాను లాంటివాళ్లు సమాంతర రిజర్వేషన్ కోసం పోరాడుతున్నారు. అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ ప్రతి కోటాలోనూ ట్రాన్స్ వ్యక్తులకు వాటా. కర్ణాటక 2021లోనే ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ పద్ధతిన 1 శాతం ఇచ్చింది.

సైబరాబాద్‌లో మార్పు, గడప లోపల?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’గా నమోదైనవారు 43,769 మంది. ఇంటి యజమాని చెబితేనే లెక్కలోకి వస్తారు కాబట్టి, ఇల్లు దాచిన బిడ్డలు అందులో ఉండరు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో సమానత్వం మీద సదస్సులు జరుగుతాయి. ఆ మేడల కింద సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి చేయిచాపే మనిషి కూడా ఎవరికో తోబుట్టువే. 2021 మార్చిలో గచ్చిబౌలి పోలీస్ స్టేషన్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక డెస్క్ మొదలైంది. 2024 డిసెంబరులో హైదరాబాద్ కూడళ్లలో ట్రాన్స్‌జెండర్ ట్రాఫిక్ అసిస్టెంట్లు విధుల్లో చేరారు.

2019లో కేంద్రం తెచ్చిన చట్టంలోని 12వ సెక్షన్ ట్రాన్స్ వ్యక్తికి కుటుంబంతో కలిసి అదే ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. కుటుంబం చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపొచ్చు. కొట్టేది ఆ ఇంట్లోవాళ్లే అయితే ఆ హక్కు ఏం కాపాడుతుంది? తాను ఎంచుకున్న హిజ్రా ఇంటిని కుటుంబంగా ఆ సెక్షన్ ఎందుకు చూడలేదు? రేవతి బతుకు ఈ రెండు ప్రశ్నలనూ మన ముందు పెడుతుంది.

పోలీస్ స్టేషన్‌లో డెస్క్ వచ్చింది, కూడలిలో యూనిఫాం వచ్చింది. పండగ పూట సొంత ఇంట్లో వాళ్లకు కంచం పెట్టాల్సింది మాత్రం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే.