రేసు మానేసిన గుర్రాన్ని కరీంనగర్, ఆదిలాబాద్‌కు తెచ్చుకోవాలంటే.. ఎవరిని అడగాలి? ఏ పత్రాలు చూడాలి?

మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తే గుర్రం సాధారణంగా రెండేళ్ల వయసులో ట్రాక్ ఎక్కుతుంది. చాలా గుర్రాలు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికే పోటీల నుంచి తప్పుకుంటాయి. కానీ గుర్రం ఆయుష్షు 25 ఏళ్ల దాకా ఉంటుంది. అంటే రేసు జీవితం ముగిశాక ఇంకా పదిహేనేళ్లకు పైనే బతకాలి. వాటిలో కొన్ని రైడింగ్ స్కూళ్లకు, కొన్ని ఫామ్‌హౌస్‌లకు, మరికొన్ని చేతులు మారుతూ పెళ్లి ఊరేగింపులకు చేరుతుంటాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పొలం, తోట ఉన్నవాళ్లలోనూ ఇలాంటి గుర్రాన్ని తెచ్చుకోవాలనే ఆసక్తి కనిపిస్తోంది. మరి దొరికేది ఎక్కడ? కొనేముందు ఏం చూడాలి? దారిలో, ఇంటికొచ్చాక పాటించాల్సిన నిబంధనలేంటి?

ఎక్కడ దొరుకుతాయి?

తెలంగాణలో గుర్రపు పందేలకు కేంద్రం మలక్‌పేటలోని హైదరాబాద్ రేస్ క్లబ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. ఇప్పుడున్న క్లబ్ 1961లో ఏర్పడింది. ఏటా వానాకాలం సీజన్, చలికాలం సీజన్ అని రెండు విడతలుగా పోటీలు జరుగుతాయి. సీజన్ ముగిసే సమయంలోనే యజమానులు ఏ గుర్రాన్ని ఉంచుకోవాలి, దేన్ని వదులుకోవాలి అని లెక్క వేసుకుంటారు. వెతికేవాళ్లకు అదే సరైన సమయం.

గుర్రాలను క్లబ్ అమ్మదు. ప్రతి గుర్రానికీ ఒక యజమాని, ఒక ట్రైనర్ ఉంటారు. అమ్మే హక్కు యజమానిది, గుర్రం సంగతి బాగా తెలిసింది ట్రైనర్‌కు. అందుకే క్లబ్ కార్యాలయం ద్వారా ట్రైనర్లను సంప్రదించడం మంచి దారి. రోజూ గుర్రం వెంట ఉండే సైసుతోనూ మాట్లాడాలి. గుర్రం కరుస్తుందా, ఒంటరిగా ఉంటే బెదురుతుందా, దాణా సరిగ్గా తింటుందా అన్నది అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రెండో దారి హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న రైడింగ్ స్కూళ్లు. రేసు మానేశాక కొన్ని నెలలు మామూలు స్వారీకి అలవాటు పడిన గుర్రాలు అక్కడ దొరికే అవకాశం ఉంది. ధర కాస్త ఎక్కువైనా, మొదటిసారి తీసుకునేవాళ్లకు ఇదే నయం.

సోషల్ మీడియాలో ఫొటో పెట్టి, అడ్వాన్స్ పంపితే లారీలో పంపిస్తామనే ప్రకటనలను నమ్మొద్దు. గుర్రాన్ని కళ్లారా చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

చూడాల్సిన పత్రాలేంటి?

రేసుల్లో పరుగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. వాటి పుట్టుక, తల్లిదండ్రుల వివరాలు పుణెలోని స్టడ్‌బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా దగ్గర నమోదై ఉంటాయి. ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉంటుంది. అందులో రంగు, నుదుటి మీద మచ్చ, కాళ్ల మీద తెలుపు, ఒంటి మీద సుడులు గీతల్లో గుర్తుపెట్టి ఉంటాయి. మెడలో వేసిన మైక్రోచిప్ నంబరు కూడా ఉంటుంది.

కొనేముందు ఈ నాలుగూ సరిచూసుకోవాలి:

- పాస్‌పోర్టులోని గుర్తులు, మైక్రోచిప్ నంబరు గుర్రంతో సరిపోవాలి. చిప్‌ను రీడర్‌తో చదివించి చూడాలి.
- అమ్ముతున్న వ్యక్తే రికార్డుల్లో యజమానిగా ఉండాలి. ఒకే గుర్రానికి ఇద్దరు ముగ్గురు భాగస్వాములు ఉండటం మామూలే. అందరి సంతకాలూ కావాలి.
- గుర్రం రేసుల నుంచి తప్పుకున్నట్లు క్లబ్ రికార్డుల్లో నమోదు చేయించాలి.
- టీకాలు, రక్తపరీక్షల నివేదికలు గుర్రంతో పాటే రావాలి.

అమ్మకం ఒప్పందం నోటి మాటగా వదిలేయొద్దు. గుర్రం పేరు, చిప్ నంబరు, ధర, తెలిసిన గాయాలు, మళ్లీ రేసుకు పెట్టకూడదన్న షరతు రాయించుకోవాలి. గుర్రాన్ని పెంచలేని పరిస్థితి వస్తే మొదట పాత యజమానికే చెప్పాలన్న షరతు కూడా ఉంటే మంచిది. ఉచితంగా ఇచ్చినా కాగితం తప్పనిసరి. అమ్మే సంస్థ జీఎస్టీ కింద నమోదై ఉంటే పన్ను కూడా పడుతుంది. గుర్రాలపై 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఎందుకు మానేసింది?

వేగం చాలక మానేసిన గుర్రం వేరు, దెబ్బ తగిలి మానేసిన గుర్రం వేరు. మొదటి రకం మనకు బంగారం. రెండో రకం గుర్రాల్లో కూడా మంచివి ఉంటాయి కానీ ఆ దెబ్బ ఏంటో తెలియాలి.

రేసు గుర్రాల్లో తరచూ కనిపించేది ముందుకాళ్ల వెనుక వైపు నరం, అంటే టెండన్ దెబ్బతినడం. ఒకసారి తెగి మానిన టెండన్ మెల్లగా నడిచే స్వారీకి పనికొస్తుంది, దూకడానికి పనికిరాదు. మోకాలు, గిట్ట పై కీలులో అరుగుదల, పరుగు తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కూడా చూడాలి. అమ్మేవాళ్లతో సంబంధం లేని పశువైద్యుడితో పరీక్ష చేయించి, కాళ్లకు ఎక్స్‌రే, టెండన్‌కు స్కానింగ్ తీయించాలి. ఆ ఖర్చుకు వెనకాడితే తర్వాత పదింతలు పెట్టాల్సి రావచ్చు.

గ్లాండర్స్ పరీక్ష ఎందుకు తప్పనిసరి?

గ్లాండర్స్ గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలకు వచ్చే బ్యాక్టీరియా వ్యాధి. ముక్కు నుంచి చిక్కటి స్రావం, చర్మంపై పుండ్లు, జ్వరం దీని లక్షణాలు. మనుషులకూ సోకుతుంది, ప్రాణాంతకం కూడా. దీనికి టీకా లేదు. పశువుల్లో సాంక్రమిక వ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం-2009 పరిధిలో ఉన్న వ్యాధి ఇది. నిర్ధారణ అయితే ఆ గుర్రానికి చికిత్స చేయరు, నొప్పి లేకుండా ప్రాణం తీస్తారు. చుట్టుపక్కల గుర్రాల రాకపోకలను ఆపేస్తారు.

గుర్రం నుంచి తీసిన రక్త నమూనాలను హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి నిర్ధారిస్తారు. ఫలితం వచ్చాకే గుర్రాన్ని కదిలించాలి.

ఇది ఎంత ముఖ్యమో 2025లో జరిగిన ఘటన చూస్తే అర్థమవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పుర్ సమీపానికి 57 గుర్రాలను రోడ్డు మార్గంలో తరలించారు. మండుటెండల కాలం అది. కొద్ది రోజుల్లోనే ఎనిమిది గుర్రాలు చనిపోయాయి, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. గ్లాండర్స్ అనుమానంతో నమూనాలను హిసార్‌కు పంపారు. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది.

రవాణా నిబంధనలు ఇవీ

హైదరాబాద్ నుంచి కరీంనగర్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. జంతువుల రవాణా నిబంధనలు-1978లో గుర్రాలకు ప్రత్యేక అధ్యాయం ఉంది. అందులోని ముఖ్యాంశాలు:

- ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని, అంటువ్యాధి లేదని పశువైద్యుడి ధ్రువపత్రం వెంట ఉండాలి.
- ఒక వాహనంలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించి ఎక్కించకూడదు.
- వాహనం పక్కలకు మెత్తటి దిండు కట్టు, గుర్రానికీ గుర్రానికీ మధ్య వెదురు బొంగులు ఉండాలి.
- వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు.

ఈ లెక్కన కరీంనగర్‌కు ఐదు గంటలు, ఆదిలాబాద్‌కు తొమ్మిది గంటలు పడుతుంది. మధ్యలో ఆపే సమయం అదనం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. తప్పకపోతే సాయంత్రం బయల్దేరి, దారిలో నీళ్లు పెడుతూ తీసుకురావాలి. అలవాటైన సైసు వెంట ఉంటే గుర్రం బెదరదు.

మేత విషయంలో మన ప్రాంతంలో జరిగే పొరపాట్లు

థరోబ్రెడ్ గుర్రం 450 నుంచి 500 కిలోల బరువుంటుంది. రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండు మేత, 30 నుంచి 50 లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలంలో నీళ్లు ఇంకా ఎక్కువ తాగుతుంది. నెలకు 240 నుంచి 300 కిలోల మేత. దాణా, సైసు జీతం, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు కోసి నాడాలు కొట్టించే ఖర్చు దీనికి అదనం. కొన్న ధరకన్నా పెంపకం ఖర్చే చాలా ఎక్కువ.

బర్రెలకు పెట్టేదే గుర్రానికీ పెడితే సరిపోతుందనుకోవడం ప్రమాదం.

బూజు మక్కలు: కరీంనగర్, ఆదిలాబాద్‌లో మక్కలకు కొదవ లేదు. కానీ బూజు పట్టిన మక్కల్లోని విషం గుర్రం మెదడును దెబ్బతీస్తుంది. బర్రె తట్టుకున్నా గుర్రం తట్టుకోలేదు.

సూపర్ నేపియర్, తవుడు: నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. నెలల తరబడి వీటి మీదే ఉంచితే ఎముకలు మెత్తబడి, ముఖం ఉబ్బుతుంది.

పశువుల, కోళ్ల దాణా: కొన్నింటిలో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. కొద్ది మోతాదు కూడా గుర్రం గుండెను ఆపేస్తుంది. కోళ్ల ఫారం పక్కన గుర్రాన్ని కట్టేస్తే దాణా సంచులు అందకుండా చూడాలి.

పచ్చి జొన్న చొప్ప: గుర్రాల్లో మూత్రాశయాన్ని, నడుము కింది నరాలను దెబ్బతీస్తుంది.

మంచి ఎండు గడ్డి, లూసర్న్, ఓట్స్, నానబెట్టిన ఉలవలు కొద్దిగా.. ఇవి సురక్షితం. మేత మార్చాల్సి వస్తే వారం, పది రోజుల్లో మెల్లగా మార్చాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో గ్యాస్, అడ్డంకి ఏర్పడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పొర్లుతూ, పొట్ట వైపు చూసుకుంటూ, మేత ముట్టకపోతే వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

వైద్యం ఎక్కడ?

ఇంటికి తెచ్చిన వెంటనే మండల పశువైద్యాధికారికి తెలియజేయాలి. మొదటి మూడు వారాలు ఊళ్లోని ఇతర గుర్రాలకు దూరంగా ఉంచాలి. టోల్‌ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే మాత్రం హైదరాబాద్ వెళ్లాల్సిందే. కాబట్టి గుర్రాలను చూసిన అనుభవం ఉన్న డాక్టర్ ఎవరో కొనకముందే తెలుసుకోవాలి.

వానాకాలంలో జోరీగల వల్ల సర్రా అనే రక్త వ్యాధి సోకుతుంది. విడిచి విడిచి జ్వరం, నీరసం, కాళ్ల వాపు కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. ధనుర్వాతం టీకా, ఏడాదికోసారి దంతాల పరీక్ష మరవొద్దు.

వెంటనే స్వారీ చేయొచ్చా?

కుదరదు. రేసు గుర్రానికి కళ్లెం బిగించడం అంటే ఆగమని కాదు, పరుగెత్తమని. నిలబడి ఎక్కించుకోవడం కూడా దానికి సరిగ్గా తెలియదు. రెండు మూడు నెలలు దాణా తగ్గించి, ఆరుబయట తిరగనిచ్చి, ఆ తర్వాత అనుభవజ్ఞుడితో కొత్తగా నేర్పించాలి. పిల్లలను, కొత్తగా నేర్చుకునేవాళ్లను ఎక్కించొద్దు. బ్యాండు, పటాకుల మధ్య బరాత్‌లో నడిపించడం గుర్రానికీ, జనానికీ ప్రమాదమే. టికెట్ ప్రదర్శనలకు, సినిమాలకు వాడాలంటే భారత జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేయించాలి. నగర పరిధిలో ఉంచాలనుకుంటే ముందుగా మున్సిపల్ కార్యాలయంలో అడగాలి.

పెంచలేకపోతే?

మేత, నీళ్లు లేకుండా గుర్రాన్ని రోడ్డు మీద వదిలేయడం జంతు హింస నిరోధక చట్టం-1960లోని సెక్షన్ 11 ప్రకారం నేరం. గుర్రాన్ని తేవడానికి ముందే వేసుకోవాల్సిన లెక్క ఇది: ఎకరం తిరిగే చోటు, నీడ, తోడుగా మరో జంతువు, రోజూ చూసుకునే మనిషి, పదిహేనేళ్ల ఖర్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, రైడింగ్ స్కూల్లో ఒక గుర్రం ఖర్చు భరిస్తూ వారానికోసారి వెళ్లి చూసి రావడం మంచిది. గుర్రం ఉన్నచోటే ఉంటుంది, దాని మేతకు లోటు రాదు.