ఓక్లహోమా! (2019 బ్రాడ్‌వే ప్రదర్శన)

అమెరికన్ సంగీత నాటకం ‘ఓక్లహోమా!’ను దర్శకుడు డేనియల్ ఫిష్ కొత్తగా మలచిన ప్రదర్శన ఇది. 2019 ఏప్రిల్ 7న న్యూయార్క్‌లోని సర్కిల్ ఇన్ ది స్క్వేర్ థియేటర్‌లో మొదలై, 2020 జనవరి 19 వరకు నడిచింది. సంభాషణలను, పాటలను దాదాపు యథాతథంగా ఉంచి, రంగాలంకరణ, వాద్యాలు, వెలుతురు, నటన మార్చడంతోనే నాటకానికి కొత్త అర్థం తేవడం దీని ప్రత్యేకత.

మూల నాటకం

లిన్ రిగ్స్ రాసిన ‘గ్రీన్ గ్రో ది లైలాక్స్’ నాటకం ఆధారంగా రిచర్డ్ రాడ్జర్స్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టైన్ సంభాషణలు, పాటలు సమకూర్చారు. రూబెన్ మమూలియన్ దర్శకత్వంలో, ఆగ్నెస్ డి మిల్ నృత్య దర్శకత్వంలో 1943 మార్చి 31న బ్రాడ్‌వేలో తెర లేచిన ఈ నాటకం 2,212 ప్రదర్శనలు పూర్తిచేసుకుంది. పాటలూ నృత్యాలూ కథను ఆపకుండా ముందుకు నడిపించడం వల్ల సంగీత నాటక చరిత్రలో దీన్ని మలుపుగా లెక్కిస్తారు.

కథాకాలం 1906. ఓక్లహోమా అప్పటికింకా రాష్ట్రం కాలేదు. పల్లెటూరి యువతి లౌరీని పశువుల కాపరి కర్లీ, ఆమె పొలంలో పనిచేసే జడ్ ఇద్దరూ కోరుకుంటారు. లౌరీ, కర్లీల పెళ్లయ్యాక జడ్ కత్తితో కర్లీ మీదికి వస్తాడు. పెనుగులాటలో తన కత్తి మీదే పడి చనిపోతాడు. ఊరివాళ్లు అక్కడికక్కడే విచారణ జరిపి కర్లీని నిర్దోషిగా తేలుస్తారు.

రూపకల్పన

ఫిష్ ఈ ఆలోచనను 2007లో బార్డ్ కళాశాలలో విద్యార్థులతో మొదలుపెట్టి, 2015లో అక్కడి వేసవి ఉత్సవంలో, 2018లో బ్రూక్లిన్‌లోని సెయింట్ ఆన్స్ వేర్‌హౌస్‌లో పెంచుకుంటూ వచ్చాడు. జడ్ పాత్రధారి ప్యాట్రిక్ వెయిల్ మొదటినుంచీ ఆ పాత్రలోనే ఉన్నాడు.

ప్రేక్షకులు రంగస్థలం చుట్టూ కూర్చునేవారు. నాటకంలో ఎక్కువ భాగం హాలు దీపాలు వెలుగుతూనే ఉండేవి కాబట్టి చూసేవాళ్లు ఒకరికొకరు కనబడేవారు. చెక్క గోడల నిండా తుపాకులు వేలాడుతుండేవి. విరామంలో ప్రేక్షకులకు చిల్లీ, మొక్కజొన్న రొట్టె పెట్టేవారు. ఊరి విందుకు వచ్చినట్టున్న ఈ ఏర్పాటు వల్ల చివరి విచారణలో ప్రేక్షకులు కూడా ఆ ఊరివాళ్లలో కలిసిపోయేవారు.

డేనియల్ క్లూగర్ 28 మంది వాయించిన మూల వాద్యబృందాన్ని ఏడుగురికి కుదించి, బాంజో, మాండొలిన్, పెడల్ స్టీల్ గిటార్ వంటి జానపద, కంట్రీ వాద్యాలతో పాటలను కొత్తగా అమర్చాడు. లౌరీ కనే కలను చూపే నృత్యానికి జాన్ హెగిన్‌బోథమ్ రూపమిచ్చాడు. 1943లో బృందం ఆడిన ఆ ఘట్టాన్ని ఇక్కడ గాబ్రియెల్ హామిల్టన్ ఒంటరిగా ఆడింది.

రెండు కీలక ఘట్టాలు

జడ్ గదిలో కర్లీ అతడిని ఉరేసుకోమన్నట్టు మాట్లాడే ఘట్టాన్ని పాత సంప్రదాయంలో నవ్వుల కోసం ఆడేవారు. ఫిష్ ఇక్కడ హాలంతా చీకటి చేసి, జడ్ ముఖాన్ని కెమెరాతో దగ్గరగా పట్టి గోడ మీద చూపించాడు. దుష్టుడిగా కనిపించిన మనిషిలోని ఒంటరితనం అక్కడ బయటపడుతుంది.

ముగింపు అన్నిటికన్నా పెద్ద మార్పు. జడ్ పెళ్లికానుకగా కర్లీకి తుపాకీ ఇస్తాడు. కర్లీ దానితోనే అతడిని కాలుస్తాడు. నూతన దంపతుల తెల్లబట్టల మీద నెత్తురు చిమ్ముతుంది. మూలంలో ప్రమాదంగా తోచిన చావు ఇక్కడ హత్యకు దగ్గరవుతుంది. అయినా విచారణ అదే తొందరలో ముగుస్తుంది. ఆపై నాటకం పేరుతోనే వచ్చే పాటలో కొత్త రాష్ట్రం ఉత్సాహంతో పాటు, బయటివాడిని వదిలించుకున్న ఊరి ఉన్మాదం కూడా వినిపిస్తుంది.

ఆదరణ

2019లో ఉత్తమ సంగీత నాటక పునఃప్రదర్శనకు టోనీ పురస్కారం దక్కింది. లౌరీ స్నేహితురాలు ఆడో ఆనీ పాత్రకు అలీ స్ట్రోకర్ సహాయనటిగా టోనీ అందుకుంది. చక్రాల కుర్చీ వాడే నటులలో ఆ పురస్కారం పొందిన తొలి వ్యక్తి ఆమె. పాత ఉల్లాసం పోయిందని కొందరు నొచ్చుకుంటే, ఆ ఉల్లాసం కింద మొదటినుంచీ ఉన్న హింసే బయటికి వచ్చిందని మరికొందరు మెచ్చుకున్నారు. 2022లో లండన్ యంగ్ విక్‌లో, 2023లో అక్కడి విండమ్స్ థియేటర్‌లో ఆడిన ఈ రూపానికి ఒలీవియర్ పురస్కారం కూడా లభించింది.