1962 భారత–చైనా యుద్ధం: సైనిక స్మృతులు, చరిత్ర రచనలు

1962 అక్టోబరు 20న పెద్దఎత్తున మొదలై, నవంబరు 21న చైనా ఏకపక్షంగా ప్రకటించిన కాల్పుల విరమణతో ఆగిపోయిన భారత–చైనా యుద్ధం మీద వెలువడిన రచనల్లో అధికభాగం ఓటమికి బాధ్యులెవరన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఓటమికి గల కారణాలను విచారించడానికి లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి. ఎస్. భగత్ 1963లో తయారుచేసిన నివేదికను ప్రభుత్వం రహస్యంగా ఉంచడంతో, ఆ ఖాళీని మొదట నింపినవారు యుద్ధంలో పాల్గొన్న సైనికాధికారులే. జవాన్లు స్వయంగా రాసిన కథనాలు మాత్రం అరుదు. అందుచేత ఈ సాహిత్యంలో వినిపించేది ప్రధానంగా ఉన్నతాధికారుల గొంతే.

ఈ వరుసలో ముందు వచ్చింది ఈశాన్య సరిహద్దులో 4వ కోర్‌కు నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ జనరల్ బి. ఎం. కౌల్ ఆత్మకథ ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ (1967). రెండేళ్ళకు, కౌల్ కింద 7వ బ్రిగేడ్‌ను నడిపి, 1962 అక్టోబరు 22న చైనా సేనలకు పట్టుబడి, 1963 మేలో విడుదలైన బ్రిగేడియర్ జాన్ దల్వీ ‘హిమాలయన్ బ్లండర్’ (1969) వెలువడింది. థగ్‌లా శిఖరపంక్తి మీద చైనా సైనికులుండగా దాని పాదం దగ్గరి నామ్‌కాచూ ఏటి ఒడ్డున తన బ్రిగేడ్‌ను నిలబెట్టడం యుద్ధనీతికే విరుద్ధమని దల్వీ వాదించాడు. నూలు దుస్తులతో చలికొండలెక్కిన సైనికులు, లోయల్లోకి జారిపోయిన విమాన సరఫరాలు, అక్టోబరు మధ్యకు నీరు తగ్గి వంతెనలతో పనిలేకుండా ఎక్కడపడితే అక్కడ దాటగలిగేలా మారిన ఏరు, ఇవన్నీ ఆయన పుస్తకంలో కళ్ళకు కడతాయి. ఆ ప్రాంత యుద్ధాన్ని గురించి తరవాత రాసినవారెవరూ ఈ వివరాలను పక్కన పెట్టలేకపోయారు. ఢిల్లీలో ఎవరు ఏ ఉద్దేశంతో ఏ నిర్ణయం తీసుకున్నారన్న విషయంలో మాత్రం దల్వీ కూడా విన్నదాన్నీ ఊహించినదాన్నీ ఆధారం చేసుకోక తప్పలేదు.

అక్టోబరు 10న త్సెంగ్‌జోంగ్ వద్ద జరిగిన ఘర్షణను కళ్ళారా చూసిన కౌల్ మర్నాడే ఢిల్లీకి వెళ్ళి, ఆ రాత్రి నెహ్రూ నివాసంలో జరిగిన సమావేశంలో దాడి చేయడం, ఉన్నచోటనే నిలవడం, అనుకూలమైన చోటికి వెనక్కి తగ్గడం అనే మూడు మార్గాలను వివరించినట్టు రాశాడు. వెనక్కి తగ్గాలని కౌల్ ఎంత గట్టిగా చెప్పాడన్నదే అసలు వివాదం. నష్టం ముందే ఎరిగి హెచ్చరించినవాడిగా ఆయన తన్ను చిత్రించుకుంటే, రాజకీయ నాయకుల మెప్పుకోసం సైనికుల ప్రాణాలను పణంగా పెట్టిన అధికారుల్లో దల్వీ ఆయననూ చేర్చాడు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి బి. ఎన్. మల్లిక్ తన జ్ఞాపకాల్లో (1971) తమ సంస్థను సమర్థించుకోగా, 4వ డివిజన్ కమాండర్ నిరంజన్ ప్రసాద్ 1981లో తవాంగ్ పతనం మీద తన కథనాన్ని ప్రచురించాడు. ఆనాడు సైనిక కార్యకలాపాల డైరెక్టరుగా ఢిల్లీలోనే ఉన్న డి. కె. పాలిత్ పుస్తకం 1991 దాకా రాలేదు. ఎవరి కథనం చదివినా తప్పు తమ పైమెట్టులోనో పక్కగదిలోనో జరిగినట్టే కనిపిస్తుంది.

చరిత్ర రచనల్లో తొలి సంచలనం లండన్ ‘టైమ్స్’ విలేఖరి నెవిల్ మాక్స్‌వెల్ రాసిన ‘ఇండియాస్ చైనా వార్’ (1970). సరిహద్దుపై చర్చలకు నిరాకరించడం, వివాదాస్పద ప్రాంతాల్లో చౌకీలను ముందుకు జరపడమనే ‘ఫార్వర్డ్ పాలసీ’ని అనుసరించడం ద్వారా భారతదేశమే యుద్ధాన్ని కొనితెచ్చుకున్నదని ఆయన తేల్చాడు. రహస్య నివేదికలోని అంశాలు ఆయన పుస్తకానికి బలమయ్యాయి. చైనా చెప్పిన మాటలను భారత ప్రకటనలను పరీక్షించినంత కఠినంగా పరీక్షించకపోవడం దాని బలహీనత. స్టీవెన్ హాఫ్‌మన్ (1990) నాటి భారతీయ అధికారులతో మాట్లాడి నిర్ణయాల తీరును విశ్లేషించగా, కొత్తగా లభించిన పత్రాల ఆధారంగా శ్రీనాథ్ రాఘవన్ (2010) ఫార్వర్డ్ పాలసీ వెనుక ఉన్న రాజకీయ, సైనిక లెక్కలను మరింత సూక్ష్మంగా వివరించాడు. చైనా అధికారిక రచనలు మాత్రం దీనిని ఆత్మరక్షణ కోసం చేసిన ఎదురుదాడిగానే పేర్కొంటాయి.

స్మృతికారుడికి స్వార్థం ఉంటుందనీ చరిత్రకారుడు తటస్థుడనీ గీత గీయడం ఇక్కడ కుదరదు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ కుమారుడు సర్వేపల్లి గోపాల్ విదేశాంగ శాఖ చరిత్ర విభాగాధిపతిగా 1959లో లండన్‌లో సరిహద్దు పత్రాలను పరిశీలించి భారత వాదానికి బలం చేకూర్చినవాడు. ఆ తరవాత ఆయనే నెహ్రూ జీవితచరిత్రను మూడు సంపుటాల్లో రాశాడు. రాఘవన్ పూర్వం పదాతిదళ అధికారి. దల్వీని ఎంత జాగ్రత్తగా చదవాలో వీరినీ అంత జాగ్రత్తగానే చదవవలసి ఉంటుంది.

రక్షణ శాఖ చరిత్ర విభాగం 1992లో పూర్తిచేసిన అధికారిక చరిత్ర కూడా చాలాకాలం బయటికి రాలేదు. హెండర్సన్ బ్రూక్స్ నివేదికలో కొంతభాగాన్ని 2014లో మాక్స్‌వెల్ స్వయంగా బయటపెట్టాడే తప్ప, ఆరు దశాబ్దాలు గడిచినా భారత ప్రభుత్వం దానిని అధికారికంగా ప్రచురించలేదు.